తెల్లవారకముందు వెళ్ళిన పడవలు

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు ముందే ఒక సంగతి చెప్పాలి. డిప్లాయ్‌మెంట్ పనిలో తోడు ఉండదు. కోడ్ రాసేవాళ్ళు గుంపుగా కూర్చుంటారు, గుంపుగా టీకి వెళ్తారు. వాళ్ళు రాసినదాన్ని తీసుకెళ్ళి జనం వాడే యంత్రంలో పెట్టి నడిపించేది మాత్రం ఒక్క మనిషే. అంతా సవ్యంగా నడిస్తే ఆ మనిషి ఉన్నట్టే ఎవరికీ తెలియదు. నడవకపోతే అందరికీ ఒకేసారి గుర్తొస్తుంది. ఇది నచ్చనివాళ్ళు ఇప్పుడే వేరే పని చూసుకోవడం మంచిది. నేను ఎవర్నీ ఊరించడానికి రాయడం లేదు.

నా పేరు పైడమ్మ. విశాఖలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేసి రిటైరయ్యాను. చీపురుతో చేరాను, సర్వర్లు చూసుకుంటూ బయటికొచ్చాను. మధ్యలో ఎప్పుడు ఏ హోదా ఇచ్చారో ఆ చరిత్ర మీకు పనికిరాదు, నాకూ పనికిరాలేదు. దాన్ని వదిలేస్తున్నాను.

అక్షరాలు

నాకు పెళ్ళయ్యేనాటికి ఒక్క అక్షరం రాదు. మాది సముద్రం మీద బతికే కుటుంబం. మా ఆయన నూకరాజు తెల్లవారకముందు వేటకెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేవాడు. ఒకరోజు గాలి లేచింది. మిగతా పడవలు వచ్చాయి, ఆ పడవ రాలేదు. ఎవరు వెళ్ళారు, ఎవరు తిరిగొచ్చారు అని చెప్పేది ఒడ్డున ఏదీ లేదు. పడవ రాలేదని మేం ఆడవాళ్ళం చెప్పాం. మగవాళ్ళు వినలేదు. "ఇంకో రేవులో దిగి తాగి పడుకునుంటాడు" అన్నారు. వెతకడం మర్నాడు మొదలైంది. అప్పటికి వెతకడానికి ఏమీ మిగల్లేదు.

తర్వాత ఏవో కాగితాల మీద నా వేలిముద్ర వేయించుకున్నారు. అందులో ఏముందో చదివి చెప్పమంటే ఒక్కడికీ తీరిక లేదు. ఆ కోపంతోనే నేను చదువు మొదలుపెట్టాను. కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన గది తీసుకుని, పగలు ఆఫీసులు ఊడుస్తూ, సాయంత్రం పెద్దవాళ్ళ బడికి వెళ్ళాను. తెలుగు పలక మీద వచ్చింది. ఇంగ్లీషు మాత్రం బడిలో రాలేదు. నేను తుడిచే కంప్యూటర్ల కీబోర్డుల మీద నేర్చుకున్నాను. ఇప్పటికీ నాకు ఇంగ్లీషు అక్షరాలు కీబోర్డు వరుసలోనే గుర్తుంటాయి. ఎ తర్వాత బి అని చెప్పాలంటే ఆగి ఆలోచించాలి. క్యూ తర్వాత డబ్ల్యూ అనడానికి ఆలోచన అక్కర్లేదు.

మా యజమాని సత్యమూర్తి గారు ఒకరోజు నన్ను సర్వర్ గదిలో బ్యాకప్ టేపులు మార్చమన్నారు. మార్చాను. ఆ గది చల్లగా ఉండేది, లోపల ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. నాకు అదే బాగుంది. అక్కడినుంచి ఆ గది వదల్లేదు. సర్వర్లు గదిలోంచి పోయి ఎక్కడో అద్దె యంత్రాల్లోకి మారాక కూడా నా కుర్చీ ఒక మూలకే ఉండేది.

"నా దగ్గర పనిచేస్తోంది"

ఒక జావాస్క్రిప్ట్ అప్లికేషన్ కనీసం మూడుచోట్ల బతుకుతుంది. రాసేవాడి లాప్‌టాప్‌లో ఒకటి. ఆఫీసులో అందరూ పరీక్షించి చూసే సర్వర్‌లో ఒకటి. జనం నిజంగా వాడే లైవ్ సర్వర్‌లో ఒకటి. కోడ్ ఒకటే. దాని చుట్టూ ఉన్నది మాత్రం వేరు. కోడ్‌ను నడిపించే నోడ్ వెర్షన్ వేరు, పాస్‌వర్డ్‌లు వేరు, గడియారం వేరు, జనం వేరు. మీకు జీతం ఇచ్చేది ఈ తేడాలు చూసుకోమనే.

పడవ ఇంజన్ను ఇసుక మీద పెట్టి తాడు లాగితే నడుస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళు సంతోషిస్తారు. దాన్ని పడవకు బిగించి, మనుషుల్ని ఎక్కించి, అలలోకి తోసినప్పుడు సంగతి వేరు. "నా దగ్గర పనిచేస్తోంది" అని డెవలపర్ అన్నప్పుడు నాకు ఇసుక మీద ఇంజను కనిపించేది. అతను అబద్ధం చెప్పడం లేదు. అతను ఇంకా ఒడ్డునే ఉన్నాడు, అంతే.

బటన్ మీది మాట

ఒక పడవల సంఘం వాళ్ళు మా కంపెనీకి పని ఇచ్చారు. ఎవరెవరు సముద్రంలో ఉన్నారో సంఘం ఆఫీసు గోడమీద తెరలో కనిపించాలి. వేటకెళ్ళేవాడు ఫోన్‌లో ఒక బటన్ నొక్కుతాడు, తిరిగొచ్చాక ఇంకోటి నొక్కుతాడు. గాలి హెచ్చరిక వస్తే సంఘం వాళ్ళు తెర చూసి, బయట ఉన్నవాళ్ళకు కబురు పంపి, సముద్రంలో గస్తీ తిరిగేవాళ్ళకు చెబుతారు. ఈ పని వచ్చిందని తెలిసిన రోజు నేను మూలన కూర్చుని చాలాసేపు కీబోర్డు ముట్టుకోలేదు. ఎందుకో ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

కోడ్ రాసింది హరీష్. పాలకొండ దగ్గర రైతుల ఇంటి కుర్రాడు, మంచి పనివాడు. మొదటి బటన్ మీద "వెళ్తున్నాం" అని రాశాడు. హార్బర్‌లో ఒక్కడూ నొక్కలేదు. సంఘం కార్యదర్శి అప్పలరాజు ఫోన్ చేసి నన్నే తిట్టాడు. అతనిది మా పేటే, నాకు బావ వరస.

"ఏటే పైడమ్మా, ఆఫీసులో కూకుని పేటనే మర్సిపోనావేటి? సముద్రానికెల్లేటోడు ఎల్తన్నానని నోటితో అంటాడేటి? ఎల్లొత్తానంటాడు గానీ!"

"నాను రాయనేదు బావా."

"పెట్టింది నువ్వే కదా!"

అది నిజమే. లైవ్‌లో పెట్టిన చెయ్యే జనానికి కనిపిస్తుంది.

మాట మార్చమని హరీష్‌తో చెప్పాను. పద్ధతి ప్రకారం మొదట కోడ్‌లో మార్చాలి, పరీక్ష సర్వర్‌లో చూడాలి, ఆ తర్వాతే లైవ్. సత్యమూర్తి గారికి ఓపిక లేదు. "ఒక్క మాటకి ఇంత తతంగమా అమ్మా?" అని తనే లైవ్ సర్వర్‌లోకి వెళ్ళి "వెళ్ళొస్తాం" అని మార్చేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. హార్బర్‌లో బటన్ నొక్కడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు హరీష్ ఇంకేదో సరిచేసి కొత్త వెర్షన్ ఇచ్చాడు. కోడ్‌లో ఆ మాట ఎవరూ మార్చలేదు కాబట్టి కొత్త వెర్షన్‌తో పాటు పాత మాట తిరిగొచ్చింది. నొక్కడం మళ్ళీ ఆగిపోయింది. ఈసారి అప్పలరాజు నన్ను తిట్టలేదు, నవ్వాడు. "మీ కంపెనీ మాట మీద నిలబడదన్నమాట" అన్నాడు. తిట్టుంటేనే బాగుండేది.

సత్యమూర్తి గారి గురించి నా అభిప్రాయం చెబుతాను. చీపురు పట్టిన మనిషికి సర్వర్ అప్పగించిన గుండె ఆయనది. అదే గుండె తొందరపాటుకు కూడా కారణం. నమ్మడంలో తొందర, మార్చడంలో తొందర. అలాంటి యజమాని మీకు దొరికితే గౌరవించండి. లైవ్ సర్వర్ పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వకండి. ఆ తర్వాత నేను ఇవ్వలేదు. ఆయన అడగనూ లేదు.

గాలి లేచిన రోజు

మొదట్లో ఆ తెర పెద్ద బోట్లకే. అవి పగటిపూట బయల్దేరి రోజుల తరబడి సముద్రంలో ఉంటాయి. తర్వాత చిన్న పడవల్ని కూడా చేర్చాం. అక్కడ ఒక చిక్కు వచ్చింది. వెళ్ళేటప్పుడు బటన్ నొక్కుతారు గానీ, వచ్చాక చేపల హడావిడిలో ఎవరూ నొక్కరు. ఒడ్డున కట్టేసి ఉన్న పడవలన్నీ తెరమీద ఇంకా సముద్రంలోనే ఉండేవి. చిన్న పడవలు ఎలాగూ ఏ రోజుకారోజు వచ్చేస్తాయి కాబట్టి వాటి జాబితా ప్రతిరోజూ కొత్తగా మొదలవ్వాలని సంఘం అడిగింది. హరీష్ అలాగే రాశాడు. పరీక్షించాం, బాగుంది. లైవ్‌లో పెట్టాను. పెట్టాక నేనే నొక్కి చూశాను, బాగుంది. సముద్రం ప్రశాంతంగా ఉంది. సముద్రం ప్రశాంతంగా ఉన్నప్పుడు ఆ తెర వైపు ఎవరూ చూడరు.

కొద్దిరోజులకే ఒక పొద్దున గాలి హెచ్చరిక వచ్చింది. నేను మధురవాడ ఆఫీసులో ఉన్నాను. నా తోటికోడలు దేముడమ్మ ఫోన్ చేసింది. మా మరిది ఎర్రయ్య భార్య. మేమిద్దరం మాట్లాడుకునేది తక్కువే. నేను పేట వదిలి ఆఫీసుదాన్ని అయిపోయానని ఆమెకో అభిప్రాయం. అందులో తప్పేమీ లేదు.

"అక్కా, మీ తెరలో మా ఇంటాయిన లేడంట. ఏటిది?"

"వచ్చీసినాడేమో."

"ఎక్కడొచ్చీసినాడు! సీకటితో ఎల్నాడు. నా ఎదటే ఫోన్ నొక్కినాడు. రేవులో పడవ నేదు, మనిసి లేడు. ఈ అప్పలరాజు బావేమో తెరలో లేడు కాబట్టి సముద్రంలో లేడంటన్నాడు."

పక్కన హరీష్‌తో చెప్పాను. అతను వెంటనే తన లాప్‌టాప్‌లో నొక్కి చూశాడు. పేరు పడింది. ఫోన్ తీసి లైవ్‌లో నొక్కాడు. అక్కడా పేరు పడింది.

"బాగానే పనిచేస్తోంది పైడమ్మగారూ. ఆయన నొక్కడం మర్చిపోయుంటారు."

దేముడమ్మకు ఆ మాట చెప్పలేదు. "బావకి ఫోనియ్యి" అన్నాను. అప్పలరాజు తీసుకున్నాడు. వెనక గాలి హోరు వినిపిస్తోంది.

"తెరలో లేనోణ్ణి ఎక్కడ ఎతికించమంటావే? గస్తీ ఓళ్ళని ఊరికే పిలిత్తే, రేపు నిజంగా పిలిసినప్పుడు ఇంటారేటి?"

"తెర నా సేతిలోది బావా. నానే సెప్తన్నాను, దాన్ని నమ్మకు. దేముడమ్మని నమ్ము."

"మరి ఇన్నాళ్ళూ తెరని నమ్మమన్నావు కదే!"

"అప్పుడన్నాను. ఇప్పుడొద్దంటన్నాను. నూకరాజు పోయిన దినం మా మాట ఎవులూ ఇన్నేదు. నువ్వు అక్కడే ఉన్నావు."

అతను "సరే, పిలుత్తన్నాను. ఎర్రయ్య ఒక్కడేనా, ఇంకా ఉన్నారా?" అన్నాడు.

ఆ ప్రశ్న నాకు తట్టలేదు. ఒక్క పేరు తప్పిపోయిందంటే ఇంకెన్ని తప్పిపోయాయి? అతన్ని లైన్‌లోనే ఉండమని, లైవ్ డేటాబేస్ తెరిచి ఎర్రయ్య పేరుతో వెతికాను. ఉన్నాడు. నొక్కిన సమయం ఉంది, పడవ పేరు ఉంది. తేదీ మాత్రం నిన్నటిది. నిన్నటి జాబితా మొత్తం తెరిచాను. ఎర్రయ్యతో పాటు ఆ ఉదయం వెళ్ళినవాళ్ళు వరసగా ఉన్నారు. అందరికీ నిన్నటి తేదీయే.

తెర హరీష్ వైపు తిప్పాను. అతను సమయాలు చూశాడు.

"అమ్మా, ఐదున్నరకి ముందు నొక్కినవాళ్ళందరూ నిన్నటిలోకి పోయారు. లైవ్ సర్వర్ గడియారం మనది కాదమ్మా, ప్రపంచ సమయంలో ఉంది. మనకంటే ఐదున్నర గంటలు వెనక. మనకి ఐదున్నర అయితే గానీ దానికి కొత్త రోజు మొదలవ్వదు. అది మొదలవ్వగానే తెర ఖాళీ అయిపోతోంది."

మా లాప్‌టాప్‌ల గడియారం ఇండియాది. పరీక్ష సర్వర్ ఆఫీసులోనే ఉంది, దానిదీ ఇండియాదే. లైవ్‌లో మేం నొక్కి చూసేది ఆఫీసుకు వచ్చాక, అప్పటికి రెండు గడియారాలకూ తేదీ ఒకటే. ఆ తప్పు మేం నిద్రలో ఉండగా పుట్టి, మేం లేచేసరికి కనిపించకుండా పోయేది. తెల్లవారకముందు పనికెళ్ళే మనుషుల మీదే పడేది. పది గంటలకు ఆఫీసుకొచ్చేవాళ్ళు చీకట్లో బయల్దేరేవాళ్ళ కోసం రాసిన యాప్‌లో తప్ప ఇలాంటిది జరగదు.

అప్పుడు కారణం గురించి మాట్లాడే తీరిక లేదు. నేను పేర్లు చదివాను, అప్పలరాజు అవతల గట్టిగా తిరిగి చెప్పాడు, ఒడ్డున ఉన్నవాళ్ళు ఒక్కో పేరుకూ "వచ్చినాడు" అనో "రానేదు" అనో అరిచారు. నేను నిదానంగా చదువుతాను. అక్షరాలు ఆలస్యంగా వచ్చినవాళ్ళ చదువు అంతే. ఆ రోజు నా నిదానం నాకే విసుగు పుట్టించింది. ఒక్కో పేరు చదువుతుంటే ఆ ఇల్లు కళ్ళకు కనిపించింది. ఆ ఇళ్ళన్నీ నాకు తెలుసు.

ఫోన్‌లో దొరికినవాళ్ళు దొరికారు, పడవలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. మధ్యాహ్నం దాటాక ఎర్రయ్య కూడా వచ్చాడు. ఇంజను ఆగిపోతే ఇంకో పడవ తాడుకట్టి లాక్కొచ్చింది. ఆ పడవకు కబురు పంపింది గస్తీ వాళ్ళే. నేను అప్పటికి రేవు చేరాను. దేముడమ్మ అతని తడి చొక్కా పట్టుకుని అతన్నే తిడుతోంది. నన్ను చూసి ఆగింది.

"అక్కా, నూకరాజు బావ పోయిన దినం తెర నేదు. ఈ దినం తెర ఉంది. రెండు దినాలూ మనం ఒడ్డునే నిలబడ్డాం కదే."

ఆమె కోపంతో అనలేదు. చూసింది చూసినట్టు అంది. ఎర్రయ్య "వదిన్ని అలాగంటావేటే?" అన్నాడు గానీ, ఆమె అప్పటికే బిందె అందుకుని వెళ్ళిపోయింది.

సరిచేయడం

తప్పు దొరికాక ఇంకో ప్రమాదం ఉంటుంది. అందరూ ఒకేసారి సరిచేస్తారు. సత్యమూర్తి గారు దారిలోంచి ఫోన్ చేసి "సర్వర్ గడియారం మన టైమ్‌కి తిప్పెయ్యమ్మా" అన్నారు. అదే సమయంలో హరీష్ కోడ్‌లో ఐదున్నర గంటలు కలిపేశాడు. రెండూ చేసుంటే పొద్దున వెళ్ళినవాళ్ళు బాగుపడి, సాయంత్రం ఆరున్నర దాటాక వెళ్ళినవాళ్ళు రేపట్లోకి పోయేవారు. ఇది చూసింది కూడా హరీషే. కలిపినది తీసేసి, యాప్ ఏ యంత్రంలో నడిచినా తేదీని ఇండియా సమయంలోనే లెక్కపెట్టేలా కోడ్‌లోనే స్పష్టంగా రాశాడు. పరీక్ష సర్వర్ గడియారాన్ని లైవ్ గడియారంతో సమానం చేశాను, తేడా ఉంటే మాకే ముందు తగలాలని. ఆ రోజునుంచి యంత్రం గడియారాన్ని అతను నమ్మలేదు. మీరూ నమ్మకండి. సరిచేసే పని ఒకచోటే చెయ్యండి, ఒకరే చెయ్యండి, మిగతావాళ్ళకు చెప్పి చెయ్యండి.

కొత్త వెర్షన్ పెట్టిన మర్నాడు తెల్లవారకముందు ఎవరో ఒకరు రేవులో నిలబడి చూడాలన్నాను. ఆఫీసులో అందరూ తలూపారు. రేవుకు వెళ్ళింది నేను. ఆ తర్వాత ప్రతి వెర్షన్‌కీ నేనే వెళ్ళాను. ఎవరినీ నిందించడం లేదు. వాళ్ళకు ఇళ్ళున్నాయి, లేపకూడని పిల్లలున్నారు. నాకు కంచరపాలెంలో గది, కిటికీ అవతల గూడ్సు బండ్లు. లేవడం నాకు కష్టం కాదు. వెళ్ళాక మాత్రం అక్కడ కలిసేదాన్ని కాదు. పేటవాళ్ళు నన్ను కంపెనీ మనిషిలా చూసి పక్కకు తప్పుకునేవారు. పదింటికి ఆఫీసుకు వెళ్తే చీర అంచుకు రేవు వాసన ఉండేది. అక్కడ కూడా పక్కకు తప్పుకునేవారు, మర్యాదగా.

ఇప్పుడు

ఎవరైనా ఉద్యోగం మానేస్తే వాళ్ళ పేరును సర్వర్లలోంచి తీసేయడం నా పనే. నా ఆఖరి రోజున కూడా అది నా పనే అయింది. అన్నిట్లోంచి నా పేరు తీశాను. చివరి సర్వర్‌లోంచి తీసినప్పుడు తెర నల్లగా అయి, మళ్ళీ లోపలికి రానివ్వలేదు. సరిగ్గా పనిచేసిందని సంతోషపడాలి. అలవాటు కొద్దీ సంతోషపడ్డాను కూడా. ఆ తర్వాత నా ఫోన్ మోగడం మానేసింది. చాలా ఏళ్ళు ఆ మోత వింటే గుండె అదిరేది. ఇప్పుడు ఛార్జింగ్ ఉందో లేదో అని తీసి చూస్తుంటాను.

పడవల జాబితా మాత్రం ఎవరైనా ఫోన్‌లో చూడొచ్చు, దానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు. నేను ఇంకా తెల్లవారకముందే లేస్తాను. మొదటి బస్సుకు రేవు దగ్గర దిగి, ఐస్ దింపే చోట గట్టుమీద కూర్చుంటాను. కొత్త వెర్షన్ ఎప్పుడు పెట్టారో నాకు ఎవరూ చెప్పరు కాబట్టి రోజూ చూస్తాను.

మొన్న దేముడమ్మ వచ్చి గట్టుకు అవతలి చివర కూర్చుంది. ఎర్రయ్య పడవ అప్పుడే వెళ్ళింది. సముద్రం వైపు చూస్తూనే అడిగింది.

"పేరు పడ్డాదేటి?"

"పడ్డాది."

"ఈ దినం తేదీయేనా?"

"ఈ దినందే."

ఆమె లేవలేదు. ఐదున్నర కావస్తోంది. తూర్పున ఎరుపు వచ్చింది. నేను ఫోన్ మీదనుంచి కళ్ళు తీయలేదు, ఆమె నీళ్ళమీదనుంచి తీయలేదు. ఐదున్నర దాటింది. జాబితాను మళ్ళీ తెరిచాను. పేరు అక్కడే ఉంది.

"ఉన్నాదే" అన్నాను.

ఆమె తలూపింది. కొంగు సర్దుకుని, గట్టుమీద కొంచెం ఇవతలికి జరిగి కూర్చుంది.